బడి నుంచి వచ్చే పిల్లల చేతికి ఇంటి తాళంచెవి ఎప్పుడు ఇవ్వాలి

మా అమ్మాయి ఐదో తరగతి చదువుతున్న ఏడాది, ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఆరున్నరకు ఇల్లు చేరేసరికి మూడో అంతస్తు మెట్ల మీద పుస్తకాల సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బడి బస్సు దిగింది నాలుగున్నరకు. సంచిలో వెతికితే తాళంచెవి కనబడలేదు. ఎదురు ఫ్లాటులో పెద్దావిడ ఇంట్లోనే ఉన్నారు, కింద వాచ్‌మన్ దగ్గర ఫోన్ ఉంది, నా నంబరూ వాళ్ల నాన్న నంబరూ తనకు కంఠతా వచ్చు. అయినా రెండు గంటల పాటు ఎవరి తలుపూ తట్టలేదు, మంచినీళ్లు కూడా అడగలేదు. ఎందుకమ్మా అంటే, "తాళంచెవి పోగొట్టానని చెబితే తిడతావనుకున్నాను" అంది. ఆ చెవి సంచి అడుగున చిరిగిన అస్తరులోకి జారి ఉంది.

అప్పటికి రెండు నెలలుగా తనకు అన్నీ నేర్పామనే అనుకున్నాం. తలుపు ఎలా వేసుకోవాలో, గ్యాస్ జోలికి ఎందుకు పోకూడదో, ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ అప్పజెప్పేది. నేర్పనిది ఒక్కటే, అది నేర్పవలసింది తనకు కాదు, మాకు. తప్పు తన వల్లే జరిగినప్పుడు కూడా భయపడకుండా మాకు చెప్పగలనన్న ధైర్యం మేము తనకు ఇవ్వలేదు. పిల్లలను సాయంత్రం పూట ఇంట్లో ఒంటరిగా ఉంచవచ్చా అని ఆలోచించే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే. మీ బిడ్డ చేతిలో ఏదైనా పగిలినప్పుడు, పాడైనప్పుడు, పోయినప్పుడు మొట్టమొదట మీ దగ్గరకు వస్తున్నాడా, లేక దాచిపెడుతున్నాడా? దాచిపెట్టే అలవాటున్న పిల్లవాడు పదమూడేళ్ల వాడైనా, ఎంత చురుకైనవాడైనా, తాళంచెవికి ఇంకా సిద్ధం కాలేదు. ఆ లోపం చాలావరకు మన గొంతులోదే కనుక, దాన్ని దిద్దుకోవడం కూడా మనతోనే మొదలవుతుంది.

వయసు సంగతి అందరూ అడుగుతారు. ఇన్నేళ్లు నిండితేనే పిల్లలను ఇంట్లో ఒంటరిగా ఉంచాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, తమ సంరక్షణలో ఉన్న పిల్లలకు బాధ, హాని కలిగేలా వారిని ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేయడం నేరమే. దానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విదేశాల్లో ఉన్న మన కుటుంబాలు మాత్రం అక్కడి నిబంధనలు తప్పకుండా తెలుసుకోవాలి. అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు మేరీలాండ్‌లో 8 ఏళ్లలోపు పిల్లలను, కనీసం 13 ఏళ్లు నిండిన నమ్మకమైన వ్యక్తి తోడు లేకుండా ఇంట్లో వదలడం చట్టవిరుద్ధం. నా మటుకు నాకు, మన ఊళ్లలో, మన ఇళ్లలో పదేళ్లలోపు పిల్లలను రోజూ ఒంటరిగా ఉంచడం తగదు. పది, పదకొండేళ్ల వయసులో గంట, గంటన్నర, అది కూడా పిలిస్తే పలికే పెద్దవాళ్లు పక్కన ఉంటేనే. పన్నెండు దాటాక పిల్లవాడి తీరును బట్టి పెంచుకోవచ్చు. ఒకే ఇంట్లో పెద్దది పదకొండేళ్లకు సిద్ధమైతే చిన్నది పదమూడేళ్లకు గాని సిద్ధం కాకపోవచ్చు, దాన్ని తక్కువతనంగా చూడనక్కరలేదు.

పిల్లవాడి కన్నా ముందు ఇంటిని చూడండి. రెండు నిమిషాల్లో మీ గుమ్మం ముందుకు రాగల పెద్దమనిషి ఒకరు ఆ వేళకు ఇంటిపట్టున ఉంటారా? ఎదురింటి మామ్మగారో, కింది అంతస్తులో టైలరింగ్ చేసే ఆవిడో, ఎవరైనా సరే, వాళ్లను ముందుగా కలిసి "నాలుగున్నర నుంచి ఆరు వరకు మా అమ్మాయి ఒక్కతే ఉంటుంది, అవసరమైతే మీ తలుపు తడుతుంది" అని నోరు తెరిచి అడగాలి. ఎలాగూ ఉంటారులే అనుకోవడం వేరు, అడిగి ఒప్పించుకోవడం వేరు. అలాంటి మనిషి దొరకకపోతే, పిల్లవాడు ఎంత సిద్ధంగా ఉన్నా ఇల్లు సిద్ధంగా లేదని అర్థం.

తరువాత తలుపు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, సగం చిక్కులు ఇక్కడే వస్తాయి. పిల్లవాడి చేత మీ ఎదురుగా తాళం తీయించండి, వేయించండి, ఒక్కసారి కాదు, పదిసార్లు. వర్షాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు తలుపు బిగుసుకుంటుంది, లాగే బలం పిల్లవాడికి ఉందా? పై గడియ అందుతుందా? స్టూలు ఎక్కి గడియ వేసుకున్న పిల్లవాడు, కంగారులో ఆ స్టూలు లేకుండా గడియ తీయలేడు, అందుకని పై గడియ వేయవద్దనే చెప్పాలి. మూసుకోగానే తనంతట తానే పడిపోయే తాళాలతో మరో ఇబ్బంది ఉంది. చెత్తబుట్ట బయట పెడదామనో, దొర్లిపోయిన బంతి తెచ్చుకుందామనో ఒక్క అడుగు బయట పెట్టగానే గాలికి తలుపు మూసుకుంటుంది, తాళంచెవి లోపలే ఉండిపోతుంది. మా అంతస్తులోనే ఇలా ఇద్దరు పిల్లలు బయట చిక్కుకున్నారు. రెండో తాళంచెవి ఎదురింట్లో ఉంచడం ఒక్కటే దీనికి మందు. పూలకుండీ కిందా, చెప్పుల స్టాండులోనూ ఉంచవద్దు, ఆ చోట్లు అందరికీ తెలిసినవే.

బయట తాళం వేసి పిల్లలను లోపల ఉంచి వెళ్లడం మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. ఎవరూ లోపలికి రాలేరన్న ధీమాతో చేస్తారు, కాని పిల్లలు బయటికి రాలేరన్న సంగతి మరిచిపోతారు. షార్ట్ సర్క్యూట్ అయి పొగ కమ్ముకున్నప్పుడు కిటికీలకు ఊచలూ, గుమ్మానికి బయట తాళమూ ఉంటే ఆ బిడ్డకు దారి ఏది? పది నిమిషాలకైనా, పాల ప్యాకెట్ కోసమైనా ఈ పని చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. లోపలి నుంచి తీసుకోగల తలుపు ఉండాలి, తీయకూడదన్న తెలివిడి పిల్లవాడికి ఉండాలి. ఆ తెలివిడి లేకపోతే పిల్లవాడిని వదిలి వెళ్లకూడదు.

వంటగదిలో నియమం ఒక్కటే పెట్టాము. మొదటి ఏడాది అంతా స్టవ్ వెలిగించేది లేదు. పొద్దున ఇంట్లోంచి కదిలే ముందు రెగ్యులేటర్ కట్టేయడం పెద్దవాళ్ల పని, దాన్ని పిల్లల మీద పెట్టకూడదు. హాట్‌బాక్సులో రెండు చపాతీలో, గిన్నెలో పెరుగన్నమో, అరటిపండో, అటుకుల చుడువానో అందేచోట పెడితే ఆకలికి చాలు. గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలో మాత్రం పాఠంలా నేర్పాలి. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది, పైకి పోకుండా నేల వెంట పరుచుకుంటుంది. లైటు వేసినా, ఫ్యాను ఆపినా స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి వాసన రాగానే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, వేసి ఉన్నదాన్ని ఆపకుండా, తలుపు తెరిచి ఉంచి బయటికి వచ్చేయాలి. ఫోన్ కూడా బయటికి వచ్చాకే. గ్యాస్ లీకుకు 1906 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది, అయితే పిల్లవాడు చేయవలసిన మొదటి పని ఎదురింటి తలుపు తట్టడమే. ఫోన్ చేసే పని ఆ ఇంటి పెద్దవాళ్లు చూసుకుంటారు. పొగ కనిపించినా వెంటనే బయటికి వచ్చి ఎదురింటి తలుపు తట్టాలి. లిఫ్టు వద్దు, మెట్లు దిగాలి, సంచి కోసం, ట్యాబ్ కోసం వెనక్కి రాకూడదు.

మిగిలిన ప్రమాదాలలో ఇంటింటికీ కొన్ని తేడాలుంటాయి. సొంత ఇళ్లలో సంపు మూత చూసుకోవాలి, దాన్ని తాళం వేసి ఉంచడం మంచిది. డాబా తలుపుకు తాళం ఉండాలి, ముఖ్యంగా సంక్రాంతి ముందు గాలిపటాల రోజుల్లో, పైకి చూస్తూ వెనక్కి నడిచే పిల్లలకు పిట్టగోడ గుర్తుండదు. బకెట్లో పెట్టే వాటర్ హీటర్ రాడ్డునూ, ఇస్త్రీపెట్టెనూ అందకుండా పెట్టేయాలి. కరెంటు పోతే కొవ్వొత్తి కాదు, టార్చిలైటు. లిఫ్టుకూ గోడకూ మధ్య చిక్కుకుని పసిపిల్లలు చనిపోయిన సంఘటనలు హైదరాబాదులో జరిగాయి. అందుకని ఒంటరిగా వచ్చే పిల్లలను మెట్ల మీదుగానే రమ్మంటాము. మూడంతస్తులు ఎక్కితే కాళ్లకేమీ కాదు.

ఇక అన్నిటి కన్నా ఎక్కువగా ఆలోచించవలసింది గుమ్మం ముందుకు వచ్చే మనుషుల గురించి. కొత్తవాళ్లకు తలుపు తీయవద్దని చెప్పడం తేలిక, పిల్లలు అర్థం చేసుకుంటారు కూడా. ఆ వేళల్లో ఏ కొరియరూ, ఏ డెలివరీ రాకుండా చూసుకోవడం మన చేతిలో పని. బెల్లు మోగిందని జవాబివ్వనక్కరలేదనీ, తలుపు అవతల మనిషితో మాట్లాడనక్కరలేదనీ చెప్పాలి. కష్టమంతా తెలిసినవాళ్లతోనే. 2025 ఆగస్టులో హైదరాబాదు కూకట్‌పల్లిలో, తల్లిదండ్రులు పనులకు వెళ్లిన పగటివేళ ఇంట్లో ఒంటరిగా ఉన్న బాలిక హత్యకు గురైంది. పోలీసులు అదుపులోకి తీసుకున్నది పక్క భవనంలో ఉండే బాలుడిని. ఆ వార్త చదివిన వారం రోజులు మా అపార్ట్‌మెంటులో తల్లులెవరికీ నిద్ర లేదు. నేను కూడా అప్పటివరకు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని రెండు మాటల్లోనే చెప్పేదాన్ని. ఆ గీత సరైనది కాదు. పిల్లలకు చెప్పవలసింది పేర్లు. ఎవరు వస్తే లోపలికి రానివ్వవచ్చో నాలుగు పేర్లు కాగితం మీద రాసి తలుపు లోపలి వైపు అంటించాము. ఆ నాలుగు పేర్లలో లేనివాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా, ఎంత చిన్నవాళ్లైనా, ఆడుకోవడానికి వచ్చామన్నా సరే, తలుపు తెరుచుకోదు.

మన ఇళ్లలో ఇది పలకడానికి కూడా కష్టమైన మాట. చుట్టం గుమ్మం ముందు నిలబడితే తలుపు తీయకపోవడం అమర్యాదని పిల్లలకు మనమే నేర్పాము. ఊరి నుంచి పనిమీద వచ్చిన బాబాయిని బయట నిలబెట్టమని పదేళ్ల పిల్లకు చెప్పి వదిలేస్తే, ఆ పిల్ల నలిగిపోతుంది. అందుకని రెండు పనులు చేశాము. ఒకటి, ఫలానా వేళల్లో పిల్లలు ఒక్కరే ఉంటారు, మాకు ఫోన్ చేయకుండా రావద్దు, వస్తే తలుపు తీయరు, మేమే తీయవద్దన్నాము అని బంధువులందరికీ మేమే ముందుగా చెప్పాము. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, తరువాత సర్దుకున్నారు. రెండోది, అప్పటికప్పుడు వెతుక్కోకుండా పిల్లకు ఒక వాక్యం తయారుగా ఇచ్చాము. తలుపు తీయకుండానే, "అమ్మకు ఫోన్ చేయండి బాబాయ్, అమ్మ నాకు చెబితే తీస్తాను" అనాలి. ఆ వాక్యాన్ని నేను తలుపు అవతల నిలబడి, గొంతు మార్చి, బతిమాలి, కోప్పడి, "మీ నాన్నకు యాక్సిడెంట్ అయిందమ్మా, తొందరగా తియ్యి" అని కూడా చెప్పి, తన చేత అనిపించాను. మొదటిసారి ఏడుపు ముఖంతో తలుపు తీసేసింది. నాలుగోసారికి స్థిరంగా నిలబడింది. ఎవరైనా తాకిన తీరు నచ్చకపోతే, ఆ మనిషి ఎవరైనా సరే, గట్టిగా అరిచి బయటికి పరిగెత్తి మనకు చెప్పాలన్న మాట కూడా ఈ సందర్భంలోనే, సిగ్గు పడకుండా, మామూలు గొంతుతో చెప్పాలి.

ఫోన్ విషయంలో స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు. మీటలున్న మామూలు ఫోన్ ఒకటి చార్జింగులో పెట్టి, ఎప్పుడూ ఒకే చోట ఉంచితే చాలు. దానితో ఓటీపీల గొడవ ఉండదు, ఆటల గొడవ ఉండదు. గోడ మీద అమ్మ, నాన్న, ఎదురిల్లు, వాచ్‌మన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాయండి. పోలీసులు, అగ్నిమాపక దళం, అంబులెన్స్ మూడింటికీ 112, పిల్లల సహాయానికి 1098, రెండూ ఉచితమే. నంబరు తెలిస్తే సరిపోదు, ఇంటి చిరునామా చెప్పడం రావాలి. చాలామంది పిల్లలకు అపార్ట్‌మెంటు పేరు తప్ప వీధి పేరు, దగ్గరి గుర్తు తెలియవు. బడి బస్సు దిగి తలుపు వేసుకోగానే ఒక ఫోన్ రావాలన్నది మా ఇంట్లో మార్పులేని నియమం. పది నిమిషాలు ఆలస్యమైతే నేను ఎదురింటికి చేస్తాను. ఆ వేళకు మీటింగులో ఉన్నా సరే, తీస్తాను. తల్లో తండ్రో ఎవరో ఒకరు ఫోన్ తప్పక తీయగలిగితేనే ఈ ఏర్పాటు నిలుస్తుంది. ఇద్దరికీ ఫోన్ బయట పెట్టించే చోట ఉద్యోగమైతే మూడో మనిషిని చూసుకోవాలి.

పిల్లవాడు సిద్ధమయ్యాడో లేదో కూర్చోబెట్టి అడిగితే తేలదు, విడతలవారీగా వదిలి చూడాలి. ముందు కూరగాయల బండి దాకా, పావుగంట. తరువాత గుడికి, అరగంట. ఆపైన శనివారం సాయంత్రం ఒక గంట. ఇలా కనీసం రెండు నెలలు. తిరిగి వచ్చాక "భయమేసిందా" అని అడగవద్దు, లేదనే చెబుతారు. "ఏమేం చేశావు" అని అడిగి, ఇల్లు గమనించండి. టీవీ పెద్ద సౌండులో పెట్టుకున్నాడా, అన్ని గదుల లైట్లూ వేసి ఉన్నాయా, పెట్టిన తిండి తిన్నాడా, మీరు వచ్చేదాకా బాత్‌రూముకు కూడా వెళ్లకుండా కూర్చున్నాడా? మా అమ్మాయి మొదటి నాలుగు రోజులు బూట్లు విప్పకుండా సోఫా అంచున కూర్చునేది. అది చూశాక ఇంకో నెల ఆగాము. బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, తినేసి, హోంవర్కు ముందేసుకుని కనిపించిన రోజున కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఇద్దరు పిల్లలుంటే తోడు ఉంటారులే అనుకుంటాము. తనను తాను చూసుకోవడం, తమ్ముడిని చూసుకోవడం రెండూ వేర్వేరు పనులు. మొదటిది పదకొండేళ్లకు వచ్చినా రెండోది రావాలని లేదు. కొట్టుకుంటే ఎవరు ఆపుతారు, చిన్నవాడు మాట వినకుండా బాల్కనీలో కుర్చీ ఎక్కితే ఏం చేయాలి అన్నవి ముందే మాట్లాడుకోవాలి. చెయ్యి చేసుకునే అధికారం పెద్దదానికి ఇవ్వకూడదు, ఫోన్ చేసే బాధ్యత ఇవ్వాలి. ఆడపిల్ల పెద్దదైతే తమ్ముడికి అన్నం పెట్టడం, గిన్నెలు కడగడం, బట్టలు మడతపెట్టడం కూడా మెల్లగా ఆమె మీదికే వచ్చి చేరతాయి. బడి నుంచి అలసి వచ్చిన పిల్లకు ఇంటి భారం అప్పగించడం అన్యాయం.

ఏడాదంతా లెక్క ఒకటే ఉండదన్నది మరిచిపోవద్దు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే నాలుగున్నరకు వచ్చే పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నర దాటగానే బడి వదిలేసి, ఒంటి గంటకల్లా ఇల్లు చేరతారు. గంటన్నరకు సిద్ధమైన పిల్లను ఐదారు గంటలు ఒంటరిగా వదలడం కొత్త నిర్ణయమే, పాతదాని కొనసాగింపు కాదు. ఎండ వేళ, వీధులు నిర్మానుష్యంగా ఉండే వేళ, కరెంటు పోయే వేళ అది. మేము ఆ ఆరు వారాలకు అమ్మమ్మను ఊరి నుంచి రమ్మంటాము, ఆమెకు వీలుకానప్పుడు మా వారూ నేనూ చెరో పూట సెలవు పెట్టుకుంటాము. వీలులేనివాళ్లు నలుగురు తల్లులు కలిసి, వంతులవారీగా ఒకరి ఇంట్లో పిల్లలందరినీ ఉంచుకోవచ్చు. ఖాళీగా ఉండే పక్కింటి పెద్దావిడకు నెలకు కొంత ఇచ్చి చూడమని అడగడంలో తప్పేమీ లేదు. వానలకు హఠాత్తుగా సెలవు ప్రకటించి మధ్యలోనే పిల్లలను పంపేసే రోజులుంటాయి. బడి వాట్సాప్ సందేశం వెంటనే చూసేది ఎవరో ముందే తేల్చుకోవాలి.

ఒకసారి ఇచ్చిన తాళంచెవిని వెనక్కి తీసుకోవలసి రావచ్చు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, సాయంత్రాలు కడుపునొప్పి అనడం, బస్సు దిగాక ఇంటికి రాకుండా స్నేహితుల ఇంట్లో ఆలస్యం చేయడం, ఇవన్నీ నోటితో చెప్పలేని పిల్లలు చెప్పే తీరు. అప్పుడు "ఇంత పెద్దదానివయ్యావు, భయమేమిటి" అనకుండా, నలుగురిలో చెప్పకుండా, "ఈ మూడు నెలలు ట్యూషన్ నుంచి నేనే తీసుకొస్తాను, దసరా సెలవుల తరువాత మళ్లీ చూద్దాం" అని మామూలుగా చెప్పి తీసుకోవాలి. మెట్ల మీద కూర్చున్న ఆ సాయంత్రం తరువాత మేమూ అలాగే తీసుకున్నాము. మళ్లీ ఇచ్చింది ఆరో తరగతిలో. ఆ మధ్యలో ఒకరోజు గాజు సీసా పగలగొట్టి, నేను గుమ్మంలో అడుగు పెట్టకముందే, "అమ్మా, చెప్పులు విప్పకు, నూనె సీసా నేనే పగలగొట్టాను" అని లోపలి నుంచి కేకేసింది. తాళంచెవి ఇవ్వవచ్చని నాకు అనిపించింది ఆ రోజే.